రూబెన్ చెట్టుజీను

రూబెన్ సాల్మెలాకు చెట్టు కనబడితే చాలు, దానికి వేలాడకుండా ఉండలేడు. ఉత్త ఎక్కడమైతే ఆల్డర్ ఫాల్స్‌లో ఎవరూ పట్టించుకోరు. నవంబరు వచ్చిందంటే ఊళ్లో మగవాళ్లంతా జింకల వేటకు చెట్లమీదే కాపురం పెడతారు. కాకపోతే వాళ్లు కొట్లో కొన్న మంచెలు బిగించుకుని దర్జాగా కూర్చుంటారు. రూబెన్ తుక్కుకార్ల సీటు బెల్టులు కోసుకొచ్చి, వాటికి నవారు కలిపి కుట్టి, నడుముకూ తొడలకూ జీనులా తగిలించుకుని, మానుకు మోకు చుట్టి గాలిలో కూర్చుంటాడు. అంతవరకూ బాగానే ఉంటుంది. చిక్కంతా దిగేటప్పుడే వస్తుంది.

చిక్కు అతనిది. సిగ్గు మాత్రం అతని భార్య ఇర్మాది.

అసలు ఆ జీను పుట్టిందే ఇర్మా కుట్టుమిషను మీద. ఆమె పెళ్లి గౌను కుట్టుకున్న మిషను అది.

"సూదులన్నీ ఏమైపోయాయయ్యా?"

"విరిగాయి. సూదులదేముందే! ఈ కుట్టు చూడు, గుర్రాన్ని వేలాడదీసినా తెగదు."

"గుర్రం ఒప్పుకోదులే. దానికి సిగ్గుంటుంది."

ఒక ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఏలియా ప్రవక్త ఆకాశానికెక్కిన వైనం చెబుతున్నారు. అందరూ కళ్లు పైకెత్తి వింటున్నారు. అదే సమయానికి కిటికీ అవతల మేపుల్ చెట్టుకు రూబెన్ తలకిందులుగా వేలాడుతూ, మెల్లగా గిరగిరా తిరుగుతూ, కిటికీకి ఎదురుగా వచ్చినప్పుడల్లా మర్యాదగా టోపీ తీస్తున్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. పాస్టరుగారు ఏలియాను సగం దారిలోనే వదిలేశారు. ఇర్మా పాటల పుస్తకంలో మొహం దాచుకుంది.

ప్రార్థన అయ్యాక కాఫీ దగ్గర హిల్జా ఆమెను పట్టుకుంది. ఊళ్లో ఎవరి పరువు ఎక్కడ చిరిగినా అందులో వేలు పెట్టి చూసే మనిషి ఆవిడ.

"ఏమ్మా ఇర్మా, మీ చెట్టుకు కాసింది ఇంకా రాలలేదా?"

ఇర్మా కాఫీ కప్పు అక్కడే పెట్టేసి బయటికి నడిచింది.

పోస్టాఫీసు ముందు పైన్ చెట్టు, బడి వెనక ఓక్ చెట్టు, ఎవరిదో పెళ్లిలో పెరటి ఆపిల్ చెట్టు... ఏదీ మిగల్లేదు. ప్రతిచోటా ఇరుక్కోవడం, జనం పోగవడం, నిచ్చెన రావడం మామూలైపోయింది. "కాఫీ ఉంటే పైకి పంపండర్రా!" అని అరుస్తాడే గాని, ఆ మహానుభావుడి మొహంలో కాస్తయినా సిగ్గు కనిపించదు. అతని వంతు సిగ్గు కూడా ఇర్మాయే పడేది.

అసలు ఇర్మాకు తమ్ముడి దిగులే చాలు. లెస్టర్ ఒకప్పుడు ఊళ్లోకెల్లా చెట్టెక్కడంలో మొనగాడు. రెండేళ్ల కిందట మంచె విరిగి జారిపడబోతే, ప్యాంటు బెల్టు కొమ్మకు తగులుకుని ప్రాణం దక్కింది. ప్యాంటు మాత్రం దక్కలేదు. అది మోకాళ్లదాకా జారిపోయి, అతను ఆ మధ్యాహ్నమంతా వేలాడుతూనే ఉన్నాడు. వెతుక్కుంటూ వచ్చిన స్నేహితులు ముందు కడుపారా నవ్వుకుని, ఆ తరవాతే దించారు. అక్కణ్ణించి ఎక్కడ కనబడ్డా "లెస్టర్, ప్యాంటు జాగ్రత్త!" అనేవారు. అతను వేట మానేశాడు, జనంలోకి రావడం మానేశాడు. చివరికి అక్క ఇంటికి కూడా రావడం మానేశాడు.

"మా వాళ్లల్లో ఒకడు వేలాడింది చాలదా? వాడు సిగ్గుతో గడప దాటడం లేదు. నువ్వేమో సిగ్గు వదిలేసి ఊరంతా వేలాడుతున్నావు. నీతో బయటికి రావాలంటే చచ్చిపోవాలనిపిస్తోంది," అంది ఇర్మా ఒకరోజు ఉండబట్టలేక.

రూబెన్ తల గోక్కుని, మిషను కింద పడ్డ దారపు ముక్కలు ఏరుకున్నాడు.

మర్నాడు ఇర్మా వంటింటి కిటికీలోంచి ఒక వింత చూసింది. కొట్టం వెనక చెట్టుమీద ఉన్న రూబెన్ ఒక్కసారి చుట్టూ చూసి, నడుము దగ్గరున్న ఎర్రతాడు లాగాడు. జారుముడి ఊడింది. పిల్లిలా చప్పుడు లేకుండా దిగి, చేతులు దులుపుకున్నాడు. ఇంటి దగ్గర ఇంత సులువుగా దిగేవాడికి ఊళ్లో ఏమొస్తుంది? జనాన్ని చూస్తే చేతులు వణుకుతాయి కాబోలు అనుకుంది.

వేట మొదలయ్యే ముందురోజు ఊరి నడుమ రెండు స్తంభాల మీద పొడుగాటి దుంగ ఎత్తుతారు. మర్నాటి నుంచి ఎవరు జింకను కొట్టినా తెచ్చి ఆ దుంగకే వేలాడదీయాలి. ఊరంతా వచ్చి చూడాలి. దుంగకు తాళ్లు కట్టే పని నాదేనంటూ రూబెన్ పైకెక్కాడు. ఇర్మా కింద అందరికీ మాంసం కూరిన వేడివేడి పాస్టీలు పంచుతోంది. పైన ఏదో సర్రుమంది. చూస్తే ఏముంది, కాళ్లు పైకి, తల కిందికి!

"వేట ఇంకా మొదలే కాలేదు, అప్పుడే ఒకటి వేలాడుతోందిరోయ్!" అన్నాడెవడో.

"కొమ్ముల్లేనిదాన్ని కొట్టకూడదు, వదిలేయండి!" అన్నాడు ఇంకొకడు.

హిల్జా నవ్వి నవ్వి పక్కావిడ మీద వాలిపోయింది. ఇర్మాకు నేల చీలితే బాగుండుననిపించింది. పాస్టీల పళ్లెంతో సహా అందులోకి దూకేసేది.

నిచ్చెన వచ్చింది. రూబెన్ గావుకేక పెట్టాడు.

"నిచ్చెన తాకించకండి! కుట్టు తెగుతుంది! లెస్టర్‌ని పిలవండి. ఈ కట్టు విప్పడం వాడొక్కడికే చేతనవును!"

"ఏ లెస్టర్? ప్యాంటు లెస్టరా?"

"నా బావమరిది లెస్టర్! నేను పోయేలోగా పిలుస్తారా, లేదా?"

ఇర్మాయే కారేసుకుని పరుగెత్తింది. లెస్టర్ పెరట్లో కట్టెలు కొడుతున్నాడు.

"నేను రానక్కా. నన్ను చూస్తే మళ్లీ నవ్వుతారు."

"నిన్ను చూసి నవ్వే తీరిక ఎవడికుందిరా? మీ బావ అక్కడ గబ్బిలంలా వేలాడుతున్నాడు. మొహం బీట్‌రూటులా అయిపోయింది. నడువు!"

లెస్టర్ తల వంచుకుని వచ్చాడు. తల వంచుకునే స్తంభానికి మోకు వేశాడు. రెండు పట్లు ఎగబాకేసరికి అతని చేతులకు పాత విద్య గుర్తొచ్చింది. తల దానంతటదే పైకి లేచింది. కింద నవ్వులు ఆగిపోయాయి.

"తీరిగ్గా వచ్చావేం బావమరిదీ?"

"నోరు మూసుకో బావా. ఊగావంటే ఇక్కడే వదిలేస్తా."

లెస్టర్ దుంగమీది మోకు సడలించి, ఒక చేత్తో దుంగనూ, ఇంకో చేత్తో బావనూ పట్టుకుని భద్రంగా దించాడు. చప్పట్లు మోగాయి. ఒకడు భుజం తట్టాడు, ఒకడు చేతిలో కాఫీ పెట్టాడు, ఇంకొకడు రేపు తమతో వేటకు రమ్మన్నాడు. ప్యాంటు మాట ఒక్కడు ఎత్తలేదు.

"వాడు నాతో వస్తాడు," అన్నాడు రూబెన్ నుదురు రుద్దుకుంటూ.

"ఎన్నింటికి బావా?" అన్నాడు లెస్టర్.

జీను తీసి మడతపెడుతున్న ఇర్మా చేతికి ఎర్రతాడు తగిలింది. ముడి చెక్కుచెదరలేదు. చిన్నగా లాగింది. ఊడి చేతిలోకి వచ్చేసింది.

రాత్రి భోజనాల దగ్గర అడిగింది. "ఈ తాడు నీకు అందలేదా?"

"తలకిందులుగా ఉంటే కుడీ ఎడమా ఎక్కడ తెలుస్తుందే?"

"చర్చి దగ్గరా అంతేనా? పోస్టాఫీసు దగ్గరా అంతేనా?"

"పాస్టీలో ఉప్పు తగ్గింది," అన్నాడు రూబెన్.

ఇర్మా ఉప్పు అందించింది. ఈ రెండేళ్లలో ఊరు రూబెన్‌ని చూసి నవ్వడంలో పడి, లెస్టర్‌ని చూసి నవ్వడం ఎప్పుడు మరిచిపోయిందో ఆమె గమనించనేలేదు. మొహం దాచుకున్న ఆదివారాలన్నీ గుర్తొచ్చాయి. ఈసారి ఆమెకు తనను చూసుకుంటేనే సిగ్గేసింది. క్షమించమని అడగడం చేతకాక, అతను నిద్రపోయాక మిషను ముందు కూర్చుంది. ఊడిన ఎర్రతాడు తిరిగి ముడేసి, జీనులో వదులుగా కనబడ్డ చోటల్లా, ప్రాణం పెట్టి, గట్టిగా కుట్టేసింది.

ఆదివారం చర్చి ముందు మేపుల్ చెట్టుకు రూబెన్ మళ్లీ తలకిందులుగా ఉన్నాడు.

"ఏమ్మా ఇర్మా," అంటూ మొదలుపెట్టింది హిల్జా, "మీ చెట్టుకు..."

"మా ఆయనే!" అంది ఇర్మా అందరికీ వినబడేలా. కాఫీ కప్పు పట్టుకుని తిన్నగా చెట్టు కిందికి వెళ్లి, గొంతు తగ్గించింది. "లెస్టర్ వచ్చేశాడుగా. ఇంకా ఎందుకయ్యా ఈ వేషాలు?"

"వేషం కాదే," అన్నాడు రూబెన్ అంతకంటే చిన్నగా. "నిజంగానే ఇరుక్కున్నాను. ఎర్రతాడు రావడం లేదు. ఎవరో ముడిమీద కుట్టేశారు."

ఇర్మా మొహం కందగడ్డలా అయింది. వెనక్కి తిరిగింది. చర్చి మెట్ల మీద లెస్టర్ అప్పటికే కాఫీ పక్కన పెట్టి, బెల్టు ఒక రంధ్రం బిగించుకుంటున్నాడు.