ఎడమ వెనక తలుపు మీద గీత

పెన్నాగరం వెళ్ళే దారిలో నాకొక స్టిక్కర్ అంగడి ఉంది. కార్లకు పెయింటు కొట్టకుండా, బయటి రేకంతా రంగు వినైల్ షీటుతో చుట్టేస్తాను. పని బాగానే చేస్తాను. దాని గురించి చెప్పడం ఇంకా బాగా చేస్తాను. పరుగెత్తే బస్సు పక్కనే స్కూటర్ మీద వెళ్తూ దానికి స్టిక్కర్ అంటించానని, హోగెనక్కల్‌లో దిగి చూసుకునేదాకా డ్రైవరుకే తెలియలేదని చెబితే టీ అంగడిలో సగం మంది నమ్మారు. మిగతా సగం మందికి ఆ స్కూటర్ చూపించాను.

ఒక శనివారం పొద్దున పాపారపట్టి నుంచి మేస్త్రీ ఒకాయన కారు తెచ్చాడు. ఇళ్ళు కడతాడు. మాలాగే బయట తమిళం, ఇంట్లో తెలుగు. రెండేళ్ల కిందట అతని తెల్ల కారును నీలం చేసింది నేనే. "నా బ్లేడు పెయింటును తాకదు తమ్ముడూ, వెంట్రుకంత ఎత్తున తేలుతుంది" అని అప్పుడు చెప్పాను. ఇప్పుడు ఆ కారు ఇచ్చేసి, బదులుగా సామాను మోసే చిన్న వ్యాను తీసుకోబోతున్నాడు. నల్లంపల్లిలో స్లాబు పని ఒప్పుకున్నాడు. సోమవారానికి సెంట్రింగ్ పలకలు అక్కడ దిగాలి. వ్యాను లేకపోతే ఆ పని ఇంకొకరి చేతికి పోతుంది.

వ్యాను యజమాని హోసూరు మనిషి. బండిని నా అంగడి ముందు నిలిపి, తాళంచెవి వేలికి తిప్పుతూ అన్నాడు: "షీటంతా పీకండి. కింద కంపెనీ పెయింటు ఉంటే మార్చుకుందాం. ఒక్క తలుపుకు దెబ్బ తగిలి మళ్ళీ కొట్టించినట్టు కనపడినా, నా వ్యాను నేను తోలుకొని పోతాను."

"పీకన్నా," అన్నాడు మేస్త్రీ నాతో ధీమాగా. "మా అన్న బ్లేడు పెయింటు మీద ఆనదు సామీ. ఆయనే చెప్పినాడు."

ఎడమ వెనక తలుపు మీద, పిడి కింద, జానెడు పొడవు గీత ఒకటి ఉందని నాకొక్కడికే తెలుసు.

రెండేళ్ల కిందట ఆ కారు పూర్తి కావాల్సింది ఆయుధ పూజ సాయంత్రానికి. కొత్త రంగుతోనే పూజ జరగాలని మేస్త్రీ పట్టు. ఇంకొక్క తలుపు మిగిలిందనగా టీకి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి నా భార్య పనిముట్లన్నీ కడిగి, గంధం కుంకుమ పెట్టి, దేవుడి పటం ముందు పేర్చేసింది. షీటు కోసే నా కత్తి కూడా అక్కడే. ఆ రోజు అలా పెట్టిన పనిముట్టును మర్నాటిదాకా మా ఇంట్లో ఎవరూ ముట్టరు. "ముట్టు, చూస్తాను" అంది. ముట్టలేదు. గడ్డం గీసుకునే బ్లేడును సగానికి విరిచి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని పిడి చుట్టూ కోశాను. నా కత్తి ఎంత దిగాలో నా చేతికి తెలుసు. ఆ సగం బ్లేడు సంగతి చేతికి తెలియదు. చర్రుమంది. షీటు తెగిన చప్పుడు వేరు, పెయింటు తెగిన చప్పుడు వేరు. తెగినచోట అదే నీలం ముక్క ఒకటి అతికించాను. అనుమానం రాకుండా మిగతా మూడు తలుపులకూ అలాంటి ముక్కలే అతికించి, డిజైన్ అని చెప్పాను. మేస్త్రీ మెచ్చుకున్నాడు కూడా.

ఇప్పుడు పీకడం బానెట్‌తో మొదలుపెట్టాను. హీట్ గన్‌తో కాస్త వేడి చూపించి, మూల ఎత్తి, షీటును పడుకోబెట్టినట్టే ఉంచి మెల్లగా లాగాలి. తొందరపడితే జిగురు కారు మీదే ఉండిపోతుంది. ఆ శనివారం నేను తొందరపడే స్థితిలో లేను. హోసూరు ఆయన నా వెంటే నడుస్తూ, బయటపడిన తెలుపు మీద గోరు ఆనించి చూస్తున్నాడు. అతని చూపు మరల్చాలని, నేను చుట్టిన కారు మీద వాలిన కాకి నున్నదనానికి జారి కాలు విరగ్గొట్టుకున్న కత ఎత్తుకున్నాను.

"కాకికి కట్టు కట్టినావా?" అన్నాడు, కారు మీంచి కన్ను తీయకుండా.

బానెట్ శుభ్రంగా వచ్చింది. పైకప్పు, కుడి వైపు రెండు తలుపులు, డిక్కీ, ఎడమ ముందు తలుపు, అన్నీ పాలలా వచ్చాయి. ఒక్కో రేకు బయటపడేకొద్దీ మేస్త్రీ ముఖం వెలుగుతోంది. నా చొక్కా వీపుకు అంటుకుపోతోంది. మధ్యలో అతను ఫోన్లో ఎవరితోనో "పలకలన్నీ ఒక పక్కకు పేర్చి పెట్టండప్పా, బండి వచ్చేస్తాది" అని కూడా చెప్పేశాడు.

చివరి తలుపు దగ్గర గన్ ఆపేశాను. "వేడెక్కింది. కాసేపు ఆగుదాం."

"ఆ తలుపుతో నీకేం పగ?" అన్నాడు హోసూరు ఆయన.

ఇక లాభం లేదనిపించింది. "తమ్ముడూ, దీని కింద గీత ఉంది," అన్నాను మేస్త్రీతో. "నా చేత్తోనే పడింది. ఆయుధ పూజ నాడు. నీకు చెప్పలేదు."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "చూసినారా సామీ? ఇంగొక కత! ఈయన వాయి తెరిస్తే ఇంతే."

"ఒట్టు, తమ్ముడూ."

"ఒట్టు పెట్టినాడంటే పెద్ద కతే. పీకన్నా, సీక్రం!"

పీకాను. తెల్లటి తలుపు మీద బూడిద రంగు గీత, దారం పరిచినట్టు.

నవ్వు ఆగిపోయింది. హోసూరు ఆయన తాళంచెవి జేబులో వేసుకుని, గొంతుకూర్చుని, ఫోను లైటు గీతలోకి కొట్టాడు. చాలాసేపు చూశాడు. మేస్త్రీ అతని పక్కకు వచ్చి అన్నాడు: "సామీ, సోమవారం పలకలు దించాల."

అతను నావైపు తిరిగి, "పూజకు కత్తి పెట్టేస్తే దేంతో కోస్తివి?" అని అడిగాడు. సగం బ్లేడు సంగతి చెప్పాను. ఒక్క ముక్క కూడా కలపలేదు.

"మా అమ్మా అంతే. ఆ పొద్దు స్పానర్ ముట్టనీదు." మళ్ళీ గీత మీదికి వంగాడు. "ఇక్కడ చూడు మేస్త్రీ. పైన సన్నగా తెలుపు, దాని కింద ప్రైమరు, అంతే. లప్పం లేదు. దెబ్బ తగిలిన తలుపైతే కోసినచోట లప్పం మందంగా కనపడును. ఇది కంపెనీ పెయింటే."

జేబులోంచి తాళంచెవి తీసి మేస్త్రీ చేతిలో పెట్టాడు. మేస్త్రీ తన కారు తాళంచెవి అతనికిచ్చాడు. కారు హోసూరు వైపు వెళ్ళిపోయాక నా దగ్గరికి వచ్చాడు.

"రెండేండ్లు నా కారును నాకే దాచిపెట్టినావు కదన్నా. ఆ పొద్దే చెప్పింటే నిన్ను కొట్టేస్తానా? ఈ పొద్దు నా ఉయిరు పోయి వచ్చె."

అతను వ్యాను ఎక్కి వెళ్ళిపోయాడు.

రెండు వారాల తర్వాత నల్లంపల్లి దగ్గర హైవే మీద ఆ వ్యాను నా ముందు వెళ్తూ కనపడింది. నిండా సెంట్రింగ్ పలకలు. వెనక తలుపు మీద పిల్లల పేర్లు, తమిళంలో, ఎర్రటి స్టిక్కర్లు. ఎవరో వేరేవాళ్ళ చేత అంటించుకున్నాడు. అక్షరాలు వంకర. ఒక మూల అప్పుడే లేచి గాలికి కొట్టుకుంటోంది. హారన్ కొట్టాను. అద్దంలో చూసి చేయి ఊపాడు, బండి మాత్రం ఆపలేదు. ఆ మూలను బొటనవేలితో ఒక్కసారి గట్టిగా రుద్దితే చాలు.