నన్నిచ్చి సాన మిషన్ తెచ్చుకున్నారు

ఆ రోజుల్లో నేను హాకీ ఆడి బతుకుతున్నానని చెబితే మనవాళ్ళు వరసగా రెండు ప్రశ్నలు అడిగేవారు. మొదటిది, "గడ్డి మీదా?" అని. కాదండీ, మంచు మీద, కాళ్ళకి బ్లేడు బూట్లు వేసుకుని, అని చెబితే ఒక్క క్షణం ఆగి రెండోది అడిగేవారు. "అది సరే, ఏం చేస్తుంటావు?" చేసేది అదేననీ, అందుకు నాకు జీతమిస్తారనీ ఎంత చెప్పినా ఆ అంకుల్స్ ముఖాల్లో నమ్మకం కుదిరేది కాదు. మా అమ్మ ఈ బాధ పడలేక మా ఊరు షాంటిలీలో ఎవరడిగినా "మావాడు స్పోర్ట్స్ ఫీల్డులో ఉన్నాడండీ" అనేసి, వెంటనే వాళ్ళమ్మాయి కాలేజీ సంగతి అడిగేది. పదకొండేళ్ళు ఆడాను. తొమ్మిది ఊళ్ళు మారాను. ఇప్పటికీ ఆ పదకొండేళ్ళూ తలుచుకుంటే నాకు ముందు వచ్చేది కోపమే. ఆ కోపం అన్యాయమైనదేమీ కాదని మీచేత అనిపించుకోవాలనే ఇదంతా రాస్తున్నాను.

ముందు నా స్థాయి ఎంతో చెప్పాలి. టీవీలో చూపించే పెద్ద లీగ్ ఒకటుంటుంది. దాని కింద ఒకటి, దాని కింద ఇంకొకటి. ఆ ఇంకొకదానికి కూడా కింద ఉన్న లీగ్‌లో ఆడేవాణ్ణి నేను. ఐస్ అంటే గ్లాసులో వేసుకునేది తప్ప మరొకటి ఎరగని దక్షిణాది చిన్న ఊళ్ళలో ఉండేవి మా జట్లు. బస్సులో తొమ్మిది గంటలు వెళ్ళడం, ఆడడం, దెబ్బలు తినడం, అదే బస్సులో వెనక్కి రావడం. నా పని గోల్స్ కొట్టడం కూడా కాదు. బాగా ఆడేవాళ్ళు అలిసిపోయి బెంచీ మీద కూర్చున్నప్పుడు ఒక నిమిషం పాటు లోపలికి వెళ్ళి, అవతలి జట్టులో బలమైనవాణ్ణి చూసి గోడకేసి గుద్ది రావడం. (సైంటిస్టుగా రిటైరైన మా నాన్నకి ఈ ఉద్యోగ వివరాలు నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.) నా ముందు పన్ను ఒకటి ఊడిపోయిన రోజున అమ్మ ఫోన్‌లో ఏడవలేదు. ఫోటోల్లో మాత్రం నోరు మూసుకుని నవ్వమంది. నాకు సంబంధాలు చూస్తున్న రోజులవి.

ఈ కథ జరిగిన ఏడు నేను జార్జియాకి దగ్గర్లో ఒక జట్టులో ఉన్నాను. మా కోచ్‌ని వెనకాల అందరం ఎలుగుబంటి అనేవాళ్ళం. మనిషి ఆకారమూ అదే, మాటా అదే. బూట్లూ కర్రలూ చూసుకునే ముసలాయన ఒకడుండేవాడు. నేను ఆయన్ని మనసులో తాత అనుకునేవాణ్ణి. ఆ తాత దగ్గర ఒక సాన మిషన్ ఉండేది. బూటు కింది బ్లేడు పదును పోతే మంచు మీద మనిషి నిలబడలేడు, అరటి తొక్క మీద కాలు పెట్టినట్టు జారిపోతాడు. అందుకని ఆటకి ముందూ, ఆట మధ్యలో బ్లేడు మొన పోయినప్పుడూ తాత గబగబా సాన పట్టి ఇవ్వాలి. ఆ మిషన్ తాతకంటే పెద్దది. రోజుకో స్క్రూ రాలేది. కొత్తది కొనమని తాత అడగడం, వచ్చే ఏడు చూద్దామని ఎలుగుబంటి అనడం మాకు రోజూ వినపడే పాటే.

ఆ ఏడు నేనెందుకో బాగా ఆడుతున్నాను. ఎందుకో నాకే తెలియదు. ఫిబ్రవరిలో ఒక ఉదయం ఎలుగుబంటి నన్ను పిలిచి, ఆదివారం మధ్యాహ్నం ఆటకి పై లీగ్ నుంచి ఒక పెద్దమనిషి వస్తున్నాడనీ, నన్ను చూడ్డానికేననీ, ఆయనకి నచ్చితే సోమవారమే నేను పైకి వెళ్ళిపోవచ్చనీ చెప్పాడు. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. మా లీగ్‌లో ఇరవై ఆరేళ్ళవాణ్ణి చూడ్డానికి ఒక మనిషి విమానమెక్కి రావడం ఒక్కసారే జరుగుతుంది, రెండోసారి జరగదు. ఆ సంగతి నాకు తెలుసు. అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఆట ముఖం ఎన్నడూ చూడని అమ్మ "అయితే వస్తా" అంది. వస్తూ వస్తూ ఆ దగ్గర్లోనే కమ్మింగ్ అనే ఊళ్ళో ఉన్న మా పెద్దమ్మని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఇక్కడి నుంచి మీరు కొంచెం జాగ్రత్తగా చదవాలి.

మా పెద్దమ్మ హ్యాండ్‌బ్యాగులో ఫోన్ లేని రోజులు ఉంటాయి గానీ అక్షింతల జిప్‌లాక్ సంచీ లేని రోజు ఉండదు. ఎవరింట్లో ఏ శుభకార్యం ఎదురవుతుందో తెలియదు కదా అంటుంది. ఆ రోజు పొద్దున్న కమ్మింగ్‌లో ఎవరిదో గృహప్రవేశం చూసుకుని, పట్టుచీర మార్చుకోకుండా, దానిమీదే పెదనాన్న కోటు తొడుక్కుని తిన్నగా మా ఆట జరిగే మంచు మైదానానికి, అంటే రింకుకి, వచ్చేసింది. జిప్‌లాక్ నిండుగా ఉంది. పసుపూ నెయ్యీ బాగా పట్టించిన బియ్యం. ఇద్దరినీ మొదటి వరసలో, మంచు చుట్టూ కట్టిన అద్దం పక్కన కూర్చోబెట్టాను. ఆ పాత రింకులో పక్కల అద్దం మనిషెత్తు కూడా ఉండదు. (ఈ టికెట్లు తీసుకున్నది నేనే. ఆ తప్పు ఒప్పుకుంటున్నాను.)

ఆట మొదలైంది. నాకు ఏ దేవుడు పూనాడో, మొదటి భాగంలో ఒక గోల్ కొట్టాను. రెండో భాగంలో ఇంకొకటి. మా బెంచీ మీద వాళ్ళంతా నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తున్నారు. పైన గ్యాలరీలో నల్ల కోటు పెద్దమనిషి చిన్న పుస్తకంలో ఏదో రాసుకుంటున్నాడు. సరిగ్గా ఈ సమయంలోనే అక్కడ మొదటి వరసలో, మా జట్టు జెర్సీ వేసుకున్న ఒక మంచి ముసలావిడ పెద్దమ్మకి ఆట పద్ధతులు చెప్పడం మొదలుపెట్టిందట. ఒకే మనిషి ఒకే ఆటలో మూడు గోల్స్ కొడితే జనమంతా లేచి తమ టోపీలు తీసి మంచు మీదకి విసురుతారు. అదొక మర్యాద. అతనికి చేసే గౌరవం. ఆవిడ చెప్పింది అంతే, అందులో ఒక్క అబద్ధం లేదు. పెద్దమ్మ అర్థం చేసుకున్నదీ అంతే. మూడోది పడగానే అందరూ లేచి పిల్లాడి మీదకి వేస్తారు. వాళ్ళు టోపీలు వేస్తారు. మనం వేసేది మనం వేస్తాం.

మూడో భాగం సగంలో మూడో గోల్ పడింది. అది నేను కొట్టానని చెప్పడం కంటే, నేను కింద పడి ఉంటే నా కర్రకి తగిలి లోపలికి వెళ్ళిందని చెప్పడం నిజం. ఏదైతేనేం, నా పేరే రాశారు. నా జీవితంలో మొదటిసారి, ఆఖరిసారి కూడా, టోపీలు పడ్డాయి. ఓ నలభై యాభై పడ్డాయేమో. నేను మోకాళ్ళ మీద లేచి చూస్తున్నాను. పైన పెద్దమనిషి పుస్తకం మూసి, నన్ను చూసి తలాడించాడు. ఆ తలాడింపు నేను చూశాను. ఈ ఒక్క విషయంలో నన్నెవరూ కాదనడానికి వీల్లేదు. అప్పుడే మా పెద్దమ్మ కుర్చీ ఎక్కింది. అమ్మ కోటు పట్టుకుని లాగుతున్నా ఆగకుండా, ఆ జిప్‌లాక్ మొత్తం, దీర్ఘాయుష్మాన్‌భవ అంటూ అద్దం మీదుగా మంచు మీదకి కుమ్మరించింది.

టోపీలు ఏరడానికి రెండు నిమిషాలు పట్టింది. బియ్యం ఏరడానికి మనుషులు చాల్లేదు. నెయ్యి పట్టిన గింజ మంచుకి అతుక్కుంటే పారతో గీకినా రాదు. రిఫరీ వంగి ఒక గింజ తీసి వాసన చూశాడు. ఇంకో రిఫరీని పిలిచి ఆయనకీ చూపించాడు. పసుపు మరక చూసి ఏదైనా రసాయనమేమోనని మైక్‌లో అడిగితే, మొదటి వరసలోంచి పెద్దమ్మ లేచి నిలబడి "నో సర్, బ్లెస్సింగ్స్" అని గట్టిగా చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. మంచు సాపు చేసే బండిని తెచ్చి రెండు చుట్లు తిప్పారు. మొత్తం ఇరవై ఐదు నిమిషాలు ఆట ఆగిపోయింది. ఆ ఇరవై ఐదు నిమిషాల్లో నేను పైకి చూసినప్పుడల్లా పెద్దమనిషి వాచీ చూసుకుంటున్నాడు. ఆఖరున చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

అక్కడితో అయిపోయి ఉంటే నేనీ పాటికి మరిచిపోయేవాణ్ణే. మూలల్లో మిగిలిన గింజల మీద బ్లేడు పడ్డ ప్రతివాడికీ పదును పోయింది. ఒక్కొక్కడూ కుంటుకుంటూ తాత దగ్గరికి క్యూ కట్టారు. తాత మూడు జతలు పట్టాడు. నాలుగోదానికి ఆ మిషన్ ఒక మూలుగు మూలిగి, పొగ వదిలి, శాశ్వతంగా ఆగిపోయింది. అవతలి జట్టువాళ్ళు మాత్రం తమ బస్సులో ఒక చక్కటి సాన మిషన్ వెంట తెచ్చుకున్నారు. వాళ్ళు కత్తుల్లా తిరుగుతుంటే మేము ఒకరినొకరు పట్టుకుని నిలబడ్డాం. మూడు-ఒకటి ఉన్న ఆట మూడు-ఐదుతో ఓడిపోయాం. బయటికి రాగానే పెద్దమ్మ ఎదురొచ్చి, "చూశావా, నా అక్షింతలు వృథా పోలేదు, మూడూ కొట్టావు" అంది. మూడోది కొట్టాక కదా పెద్దమ్మా నువ్వు వేసింది అని నోటిదాకా వచ్చింది. ఆయనెవరో తీసుకుంటానన్నాడుగా, ఏమైందిరా అని అడిగితే, విమానం టైమైందిట పెద్దమ్మా అన్నాను. అందులోనూ అబద్ధం లేదు. కారెక్కాక మాత్రం స్టీరింగ్ మీద రెండు గుద్దులు గుద్దాను.

మంగళవారం ఎలుగుబంటి పిలిచాడు. పై లీగ్ నుంచి ఫోన్ వచ్చిందేమోనని నేను గడ్డం కూడా గీసుకుని వెళ్ళాను. ఆయన నా కళ్ళలోకి చూడలేదు. ఆదివారం నా చేత మూడు గోల్స్ తిన్న ఆ అవతలి జట్టుకి నేను కావాలిట. మాకు సాన మిషన్ కావాలి. వాళ్ళ దగ్గర రెండున్నాయి.

"మనసులో పెట్టుకోకు. నీలాంటివాళ్ళు దొరుకుతారు. అలాంటి మిషన్ ఈ సీజన్ మధ్యలో ఎక్కడ దొరుకుతుంది, చెప్పు" అన్నాడు.

ఇది నన్ను ఓదార్చడానికి అన్న మాట. బల్ల మీద ఒకే ఒక్క కాగితం ఉంది. ఒక లైనులో నేను, కింది లైనులో మిషన్. నా ఇంటిపేరులో మూడు అక్షరాలు ఎగరగొట్టేశారు. మిషన్ మోడల్ నంబరు మాత్రం ఒక్క అంకె కూడా పొల్లుపోకుండా టైపు చేశారు. నా తోటివాళ్ళని మనిషికి మనిషిగా మార్చారు. ఒకణ్ణి ఇద్దరికి మార్చారు, వాడు ఆ గర్వంతో నెల్లాళ్ళు నేల మీద నడవలేదు. పోనీ కొత్త మిషనా అంటే అదీ కాదు, సెకండ్ హ్యాండ్‌ది. తెచ్చేటప్పుడు వైరు కూడా లేదు. మూడు గోల్స్ కొట్టినందుకు ఏ దేశంలోనైనా, ఏ ఆటలోనైనా ఇలాంటి మర్యాద జరిగిందేమో చెప్పండి. కొత్త జట్టులో నన్ను పరిచయం చేసిందీ అలాగే. "మన మిషన్‌కి బదులు వచ్చినవాడు ఇతనే." నేను గోల్ మిస్సయినప్పుడల్లా బెంచీ చివర నుంచి ఎవడో ఒకడు, ఆ మిషన్ మంచి మిషన్‌రా అని నిట్టూర్చేవాడు. నల్ల కోటు పెద్దమనిషి మళ్ళీ వస్తానన్నాడని తర్వాతెప్పుడో తెలిసింది. రాలేదు. ఆ తర్వాత ఇంకో ఏడేళ్ళు, ఇంకో ఐదు ఊళ్ళు తిరిగాను గానీ, నన్ను చూడ్డానికి ఇంకెవరూ విమానమెక్కలేదు.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. షాంటిలీకి దగ్గర్లో ఒక రింకులో చిన్న షాపు పెట్టుకుని పిల్లల బూట్లకి సాన పడుతుంటాను. (మా అమ్మ ఇప్పటికీ "స్పోర్ట్స్ ఫీల్డు" అనే చెబుతోంది.) పోయిన ఏడు తాత ఫోన్ చేశాడు. ఆ పాత రింకు మూసేస్తున్నారనీ, సామానంతా పారేస్తున్నారనీ, నీ మిషన్ ఇంకా ఉంది, కావాలంటే పట్టుకుపొమ్మనీ అన్నాడు. నీ మిషన్ అన్న మాటకి నాకు ఎంత మండిందంటే, పది గంటలు డ్రైవ్ చేసి మరీ వెళ్ళి తెచ్చుకున్నాను. ప్లగ్ పెట్టగానే గుర్రుమంటూ తిరిగింది. నాకు మోకాళ్ళకి రెండు ఆపరేషన్లయ్యాయి, భుజం పైకి లేవదు. దానికి ఒక బెల్టు మారిస్తే సరిపోయింది. ఆ బేరంలో ఎవరు లాభపడ్డారో నాకు ఆ రోజే పూర్తిగా అర్థమైంది. ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో వారం పట్టింది.

దసరాకి పెద్దమ్మ కమ్మింగ్ నుంచి మా అమ్మ దగ్గరికి వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్ళు. ఆయుధపూజ రోజు ఇద్దరూ షాపుకి వచ్చి, మిషన్‌కి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అగరొత్తులు వెలిగించారు. తర్వాత పెద్దమ్మ హ్యాండ్‌బ్యాగు జిప్ తీసింది. ఆ చప్పుడు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. ఒక్క అంగలో మిషన్‌కి అడ్డంగా వచ్చి నిలబడ్డాను.

"దీని మీద వద్దు పెద్దమ్మా" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

ఆవిడ గుప్పెట్లో అక్షింతలు అలాగే ఉన్నాయి. అమ్మ కిందికి చూస్తోంది. ఆ చూపుతో నాకు అర్థమైంది, ఆ నల్ల కోటు మనిషి ఎందుకు లేచి వెళ్ళిపోయాడో అమ్మ ఆవిడకి ఎప్పుడో చెప్పేసింది.

"మిషన్‌కెందుకేస్తాన్రా. ఆ రోజు కూడా నీ మీదకే వేశాను నాన్నా. దూరంగా ఉన్నావు, అందలేదు" అంది పెద్దమ్మ.

దగ్గర దగ్గర ఇరవై ఏళ్ళుగా కడుపులో దాచుకున్న కోపం అంతా అక్కడే ఉంది, ఎక్కడికీ పోలేదు. అయినా ఆవిడ చెయ్యి అందడం లేదని టోపీ తీసి పక్కన పెట్టి, మోకాళ్ళు వంగవు కనక మిషన్‌ని పట్టుకుని, తల వంచాను.