లోపలి లీకు

ఏ జబ్బూ లేని ఒక జాకీని నా చేతులతో చంపాను. అంతటితో ఆగకుండా ఒక తల్లీబిడ్డల ప్రాణం మీదికి తెచ్చాను. మీరు నవ్వుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదు, కానీ చివరిదాకా విని నవ్వండి.

నిజాం నాణెం హాలీ సిక్కా ఇంకా చెల్లుతున్న రోజులు. నేను సూర్యాపేటలో ఒక గ్యారేజీ మెకానిక్‌ని. హైదరాబాదులో కొన్నాళ్ళు పని నేర్చుకుని వచ్చాను కాబట్టి, నన్ను చూస్తే బస్సులు లేచి నిలబడాలని నా ఉద్దేశం. యుద్ధపు సామాను వేలంలో మాకొక నూనె జాకీ దొరికింది. పిడి ఆడిస్తే లోపలి నూనె ఒత్తిడికి కడ్డీ పైకి లేచి బస్సును ఎత్తేది. నేను తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదని శాసనం చేశాను.

ఒక వానాకాలం కోదాడ నుంచి ఆ జాకీతో సహా బస్సులో తిరిగి వస్తుంటే మునగాల దాటగానే వెనక చక్రం పంచరయింది. బస్సులో లచ్చమ్మ అనే అమ్మాయి పురిటి నొప్పులు పడుతోంది. ఆమె తల్లి ఎల్లమ్మ సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతోంది.

"జర జల్దీ బేటా," అన్నాడు డ్రైవర్ ఖాసిం సాబ్.

రోడ్డు అంచున జాకీ పెట్టి ఎత్తాను. బస్సు లేచింది, లేచినంత మర్యాదగా మళ్ళీ దిగసాగింది. నేను ఊరుకుంటానా? పరీక్ష పెట్టాను. మళ్ళీ ఎత్తి, పక్కనున్న మైలురాయి తలకు సమంగా బస్సు రేకు మీద సుద్దగీత గీశాను. చేతులు కట్టుకుని చూశాను. గీత మెల్లగా రాయి తలకన్నా కిందికి జారింది.

"లీకు!" అని ప్రకటించాను.

ఖాసిం సాబ్ వంగి జాకీ చుట్టూ వేలితో తడిమాడు. "నూనె యాడ కారింది? ఒక్క సుక్క లేదు."

"బయట కాదు సాబ్, లోపలి లీకు. వాషర్ అరిగితే నూనె లోపల్నే జారుతది. కంటికి కనబడదు."

"కనబడనిది నీకెట్ల కనబడ్డది?"

"హైద్రబాద్‌ల నేర్చుకున్న."

బస్సులోంచి లచ్చమ్మ మూలుగు వినిపించింది. నిజంగా భయం వేసింది. భయం వేస్తే ఏదో ఒకటి విప్పడం నా అలవాటు. జాకీ విప్పాను. నూనంతా రోడ్డు పాలయింది. వాషర్ కొత్త చెప్పులా నిగనిగలాడుతోంది. లోపలుండే ఉక్కు గోలీ మాత్రం నా చేతిలోంచి జారి బురదలో పడింది. అది లేకపోతే జాకీ ఉత్త ఇనుపముద్ద.

ఎల్లమ్మ దిగి వచ్చింది. "ఏం జేస్తున్నవ్ పిలగా?"

"గోలీ ఎతుకుతున్న అవ్వా."

"నా బిడ్డ గాడ పానం ఇడుస్తుంటే నువ్వు గీడ గోలీలాడుతున్నవా?"

నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ మాత్రం నవ్వకండి.

ఖాసిం సాబ్ పొలాల్లో ఉన్నవాళ్ళను కేకేసి పిలిచాడు. లచ్చమ్మను మెల్లగా దింపి, మైలురాయికి ఆనించి కూర్చోబెట్టారు. మగవాళ్ళంతా బస్సుకు భుజం పెట్టారు. నేనూ పెట్టాను, సరిగ్గా జాకీ పెట్టిన చోటే.

"ఎత్తుండ్రి!"

బస్సు లేచింది. నేను మాత్రం దిగాను. ముందు పాదాలు, తర్వాత పిక్కలు, మోకాళ్ళు.

కూతురి తల భుజానికి ఆనించుకున్న ఎల్లమ్మ నావైపు చూసింది. "పిలగా, నువ్వు గూడ దిగుతున్నవ్. గా లోపలి లీకు నీకు గూడ ఉన్నదా?"

మోసేవాళ్ళు నవ్వితే బస్సు ఊగింది. నొప్పుల మధ్యనే లచ్చమ్మ కూడా నవ్వింది. అప్పుడు చూశాను. నా కాలి పక్కనే జాకీ అడుగుభాగమంత గుండ్రటి గుంట. అంత శాస్త్రోక్తంగా నేను కొలిచింది మునగాల బురద లోతు. జాకీ కింద ఒక చెక్కపలక వేసి ఉంటే సరిపోయేది.

ఇరుసు కింద రాళ్ళు పేర్చి చక్రం మార్చాం. పొద్దు గూకకముందే దవాఖాన చేరాం. ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. ఆ మాట విన్నాకే మోకాళ్ళ దాకా ఉన్న బురద కడుక్కున్నాను.

తర్వాత మిర్యాలగూడలో సొంత గ్యారేజీ పెట్టి ఎన్నో జాకీలు పరీక్షించాను. ఇప్పుడు గీత కడ్డీ మీదే గీస్తాను, పలక వేశాకే ఎత్తుతాను. పాఠక మహాశయుల సమక్షంలో ప్రతిజ్ఞ చేస్తున్నాను: ముందు నా కాళ్ళ కిందికి చూసుకోనిదే ఇక ఏ జాకీకీ లోపలి లీకు అంటగట్టను. ఎల్లమ్మ మనవరాలి మీద ఒట్టు.