నేను తుడిచేసిన రోమన్ శిబిరం

చివరి మూల కూడా తడిగుడ్డతో ఒక్క లాగు లాగి, బకెట్లో గుడ్డ పిండుతుండగా వెనక నుంచి కేక వినిపించింది.

"అక్కా! నా రోమన్ క్యాంపు ఏది?"

నేను పనిచేసే ఇంటి తెలుగు మేడం కూతురు. ఆరో తరగతి. వరండాలో బల్ల మీదున్న చెక్క పలక వైపు చూపిస్తోంది. పలక అద్దంలా మెరుస్తోంది. నేనే మెరిపించాను. ముందురోజంతా దుమ్ముగాలి. ఖతర్‌లో దుమ్ముగాలి వీచిన మర్నాడు కిటికీ, బల్ల, కుండీలో మొక్క, ఏది కనిపిస్తే అది తుడవడమే నా డ్యూటీ. పలక మీద ఇసుక కనిపించింది. తుడిచేశాను.

"అది దుమ్ము కాదా పాపా?"

"కాదు! మూడు రోజుల సంది చేస్తున్న. రేపు క్లాసుల అందరి ముందు తవ్వి చూపియ్యాలె!"

పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఎదుటివాళ్ళు ఏడిస్తే నాకు ఆగదు, నేనూ ఏడ్చాను. కాసేపయ్యాక ముక్కు తుడుచుకుని, ఇక్కడి అరబ్బుల్లా తొందర పెడుతూ, "యల్లా, మళ్ళా చేద్దాం పా. ఏమేముండెనో చెప్పు," అన్నాను.

చెప్పింది. రోమన్ సైనికులు ఎక్కడికి పోయినా దాదాపు ఒకే తీరున శిబిరం వేసుకునేవారట. చుట్టూ కందకం, మూలలు గుండ్రంగా, లోపల అడ్డంగా నిలువుగా వీధులు, నడుమ సేనాపతి గుడారం. మిగతా గుడారాల్లో ఎనిమిదేసి మంది. వాళ్ళ పిండి వాళ్ళే విసురుకోవాలి, వాళ్ళ వంట వాళ్ళే.

"ఇక్కడే పనిచేసే మా అన్న రూములో కూడా ఎనిమిది మందే. వంట వంతు ఎవరిదని రోజూ కొట్లాటే. వీళ్ళు కత్తులు పక్కన పెట్టుకోని ఎట్ల వేగినారో!" అన్నాను.

పిల్ల ఏడుపు మధ్యలోనే కిసుక్కున నవ్వింది.

ఇన్నేళ్ళ తర్వాత అవన్నీ ఎలా తెలుస్తాయని అడిగాను. గుడారాలు పోతాయి, కొయ్యలు పుచ్చిపోతాయి, కానీ పూడిపోయిన కందకంలో మట్టి రంగు వేరుగా ఉంటుందట. తవ్వేవాళ్ళు పై మట్టి మెల్లగా తీస్తే ఆ నల్లటి గీతే శిబిరం ఆకారం చెబుతుందట. అది వినగానే టీపొడి డబ్బా తెచ్చాను.

జిగురు రాసి, టీపొడి రెండు వేళ్ళతో ముగ్గేసినట్టు వదిలాను. స్కేలు అక్కర్లేకుండానే వీధులు తిన్నగా వచ్చాయి. పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది. నాకు హుషారెక్కి, చుట్టూ కందకం గీతను ఎక్కడా తెగకుండా కలిపేశాను. ముగ్గులో గీత తెగితే మా అమ్మ ఊరుకునేది కాదు మరి.

"అక్కా, దర్వాజాలు ఏవి? సైనికులు బయటికి ఎట్ల పోతరు?"

"పోకుంటే పోనీలే, యుద్ధాలన్నా తప్పుతాయి!"

"అక్కా!"

సరేనని పుల్లతో గీకి నాలుగు వైపులా నాలుగు ద్వారాలు తెరిచాను. గీత తెంచడానికి చెయ్యి మాత్రం ఒప్పుకోలేదు. ఆరాక పైన పొడి ఇసుక పరిచి, ఒక మూల బ్రష్‌తో తీసి చూశాం. గీత నల్లగా బయటపడింది. పిల్ల నన్ను వాటేసుకుంది.

"ఇంక నువ్వు గుడ్డ పట్టుకొని ఇటు రాకు!"

"గుడ్డేంది, బకెట్టు కూడా దాచిపెడతా."

మర్నాడు పొద్దున పలకను ఒళ్ళో పెట్టుకుని నేనూ వాళ్ళ కారెక్కాను. గాలికి ఇసుక లేస్తుందని ఏసీ ఆపించాను, అద్దాలు దించనివ్వలేదు. "ఉడికిపోతున్నామే చెల్లెమ్మా!" అని డ్రైవరన్న మొత్తుకుంటున్నా వినకుండా, స్కూలు గేటు దాకా పలక కదలకుండా పట్టుకునే కూర్చున్నాను.