ఒడ్డెక్కని పాట

మా పెదనాన్న పోయారన్న కబురు వచ్చేసరికి నేను రికార్డింగులోంచి ఆయన దగ్గులు కత్తిరిస్తున్నాను. ఏడు తీశాను. ఎనిమిదోదాని దగ్గర అమ్మ ఫోను. "ఒరే, మీ పెదనాన్న మరి లేడ్రా" అంది. నాది రాతిగుండె అని పాఠకులు అనుకోవచ్చు. ఫైలు సేవ్ చేశాకే ఏడ్చాను.

నౌపడ అవతల మా ఊళ్లో, పెద్దవలను ఒడ్డుకు లాగే గుంపుకి ఆయన పాటగాడు. ఇరవైమంది తాడు లాగుతుంటే ఆయన ఒక చరణం విసిరేవారు, వాళ్లు అందుకునేవారు. పాడేముందు చెవి మీది చుట్ట తీసి పక్కవాడికి దాచమని ఇచ్చేవారు. అది ఏనాడూ తిరిగి రాలేదు. అయినా ఇవ్వడం మానలేదు.

నేనూ, గిటారు వాయించే మా బావా కలిసి స్వతంత్ర ఆల్బమ్ మొదలుపెట్టాం. స్వతంత్రం అంటే మమ్మల్ని ఎవరూ అడగలేదని అర్థం. రాజాంలో ఎరువుల కొట్టు మీది గదికి కోడిగుడ్ల అట్టలు అంటించి, దానికి స్టూడియో అని పేరుపెట్టాం. చివరి పాటకి పెదనాన్నను తీసుకొచ్చి చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించాం.

"ఆ టిక్కు టిక్కు ఎవుడ్రా?"

"తాళం, పెదనాన్నా. దానెనకాలే పాడాల."

"ఆడు తాడట్టుకున్నాడేటి?"

"లేదు."

"మరాడి మాట నానెందుకినాల?"

చేతులు ఖాళీగా ఉంటే ఆయనకి గొంతు లేవలేదు. కింద కొట్టులోంచి తాడు తెచ్చి ఒక కొస ఆయన చేతికిచ్చి, రెండోది బావ నడుముకి కట్టాం. బరువు తగిలింది, పాట వచ్చింది. పాటతోబాటు బావ కూడా గది ఈ చివరికి వచ్చేశాడు.

చిక్కంతా ముగింపు దగ్గర. వల ఇసుక మీదికి చేరగానే పాటగాడు "ఒడ్డెక్కినాదో!" అని కేక వేయాలి. అది వింటేనే అందరూ తాడు వదులుతారు. ఆ కేక మాత్రం గదిలో వేయనన్నారాయన.

"ఉత్తినే అనీయి, పెదనాన్నా, ఇక్కడ వలేదీ?"

"నానూ అదే సెప్తన్నాను. వల లేదు గదా, ఏటొడ్డెక్కినాదని అనాల? తీరానికి రండి, అక్కడంటాను."

రెండుసార్లు వాయిదా వేశాం. ఒకసారి బావకి సప్లిమెంటరీ పరీక్ష. ఇంకోసారి నేను మిక్సింగ్ అనే మహాకార్యంలో ఉన్నాను. "సంద్రం ఆగుతాదిరా, నా ఆయాసం ఆగదు" అన్నారు. జోకనుకుని నవ్వాను.

ఆయన పోయాక బావ, "ఆయన గొంతు నేర్పి కంప్యూటర్ని అనమందాం రా" అన్నాడు. అంది. అచ్చం ఆయన గొంతే, పైగా దగ్గు లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. ఆయన అననన్నది ఆయన చేత అనిపించాం. చెరిపేశాం. పాట ముగింపు లేకుండా ఉండిపోయింది.

నెల దాటాక, ఆయన లేకుండా తొలిసారి పెద్దవల వేస్తున్నారని తెలిసి, కేక ఇంకెవరైనా వేస్తారేమోనని మైకుతో తీరానికి వెళ్లాం. చరణాలు తలా ఒకటి అందుకుని గుంపు వల లాగింది. వల ఇసుక మీదికి వచ్చింది. కేక ఎవరూ వేయలేదు. ఇరవైమందీ తాడు బిగబట్టి అలాగే నిలబడ్డారు. లోపల చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి.

చేపలు కొనుక్కోవడానికి వచ్చిన మా పెద్దమ్మ, పెదనాన్న భార్య, కాసేపు చూసింది. చంకలోని గంప కింద పెట్టింది.

"ఒడ్డెక్కినాదిరా" అంది. రాగం లేదు, కేక కాదు. "ఒదిలీండి."

రికార్డింగులో ఆ మాట తర్వాత తాడు ఇసుక మీద పడిన చప్పుడు వినిపిస్తుంది. ఒక్కసారిగా కాదు, ఒక్కొక్క చెయ్యీ వదులుతుంటే, ముందు నుంచి వెనక్కి, చాలాసేపు.