ఆలకించి అడుగు వేసిన కరుణమ్మ

కరుణమ్మ గారు ఇక లేరన్న వార్త నాకు, నేను ఇప్పుడు సేవ చేస్తున్న షాద్‌నగర్‌లో అందింది. మా క్రైస్తవ సహవాసానికి వచ్చే స్త్రీలు ఉదయ ప్రార్థన ముగించుకుని ఫ్యాక్టరీ డ్యూటీలకు బయలుదేరుతున్న వేళ అది. ఫోన్ చేసింది ఆమె కోడలు మేరి. "సునీతక్కా, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి జర ఒరుగుత అన్నది. లేపితె లేవలే" అన్నది. ఆ మాటలో కంపనం లేదు. ఏడుపు ఇంకా ఆమెకు చేరినట్టు లేదు. నాకూ చేరలేదు. ఫోన్ పట్టుకుని గుమ్మంలోనే చాలాసేపు నిలబడిపోయాను.

మొన్ననే మాట్లాడాను. మోకాళ్ళ నొప్పులు, మనవడి చదువు, ఈసారి నిమ్మతోటలకు సరిగా పడని వాన, ఇవే ముచ్చట్లు. పెట్టేసే ముందు ఎప్పటిలాగే "మంచిది బిడ్డా, ప్రభువు నడిపిస్తడు తియ్యి" అన్నది. అదే ఆమె నాతో చెప్పిన చివరి మాట అవుతుందని ఎలా తెలుస్తుంది? అంత్యక్రియలకు నకిరేకల్ వెళ్ళే దారంతా బస్సు కిటికీకి తల ఆనించి ఆ గొంతునే వింటూ కూర్చున్నాను.

కేతేపల్లి పరిసర గ్రామాల్లో కరుణమ్మ గారి పేరు తెలియని ఇల్లు అరుదు. ఆమె పుట్టింది ఒక హిందూ రైతు కుటుంబంలో. అత్తవారూ సేద్యగాళ్ళే. తొలిచూలు కొడుకు జ్వరంతో కన్నుమూసినప్పుడు ఆమె అన్నం మానేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయిందట. పక్క వీధిలోని ఒక క్రైస్తవ స్త్రీ రోజూ వచ్చి, ఇంత వండి, ఏమీ మాట్లాడకుండా ఆమె పక్కన కూర్చుని వెళ్ళేదట. ఆ మౌనంలోనే తాను క్రీస్తు ప్రేమను మొట్టమొదట దర్శించానని కరుణమ్మ గారు చెప్పేవారు. కాలక్రమాన ఆమె, ఆమె భర్త విశ్వాసులయ్యారు. భర్త మరణానంతరం ఒక చిన్న సంఘంలో స్త్రీల మధ్య సువార్త సేవకు ఆమె తన జీవితాన్ని అంకితం చేసుకున్నారు.

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తొలి సంవత్సరాల్లో, వేదాంత శిక్షణ ముగించుకుని నేను ఆ సంఘానికి ఆమెకు సహాయకురాలిగా వచ్చాను. నా సంచి నిండా కరపత్రాలు, తల నిండా ప్రణాళికలు. ఊరూరా మైకు పెట్టి సభలు జరుపుదామని ప్రతిపాదించాను. ఆమె శ్రద్ధగా విన్నది. వక్క నములుతూ కొంచెంసేపు ఆలోచించి, "మైకుకు నోరే ఉంటది బిడ్డా, చెవులుండయి. మనకు చెవులతోని పని" అన్నది. నాకు అప్పుడు ఆ మాట అంతగా రుచించలేదు. కాని ఆమె వెంట తిరగడం మొదలుపెట్టాక, ఒక ఇంటి ముందు ఆగి, మరొక ఇంటిని దాటిపోయే ఆమె తీరులో ఏదో క్రమశిక్షణ ఉన్నదని గ్రహించాను. తెల్లవారుతూనే చాపమీద కూర్చుని, పెదవి కదపకుండా ప్రార్థించేది. ఆ తరువాతే "ఇయ్యాల గా దిక్కు పోదాం" అనేది.

అలాగని తన మనసుకు తోచిన ప్రతిదాన్నీ దైవాజ్ఞగా చాటుకునే మనిషి కాదు. ఒకసారి మండుటెండలో నన్ను చాలా దూరం నడిపించి ఒక ఇంటికి తీసుకువెళ్ళింది. ఇంటికి తాళం. ఆ కుటుంబం ఎప్పుడో బతుకుదెరువుకు పట్నం వెళ్ళిపోయింది. ఆమె అరుగు మీద కూలబడి పకపకా నవ్వింది. "ఇయ్యాల తోల్కొచ్చింది ప్రభువు కాదు బిడ్డా, నా కాళ్ళే" అని ఒప్పుకున్నది. తిరుగుదారిలో మాత్రం గంభీరంగా, "ప్రభువు చెప్పిండని మనం అన్నమనుకో, ఎదుటోళ్ళకు కాదనే జాగా ఉండది. గందుకే ఆ మాట ఊకూకె అనొద్దు" అని చెప్పింది. బోధకులందరూ హృదయంలో భద్రపరచుకోవలసిన మాట అది.

కేతేపల్లికి కొంత ఎడంగా ఉన్న ఒక ఊరిలో యాదయ్య అనే రైతు ఉండేవారు. పదిమంది గౌరవించే మనిషి, యాదగిరి నరసన్న భక్తుడు. మేము ఆ ఊరిలో అడుగుపెట్టిన మొదటి రోజే మమ్మల్ని ఆపి, కోపం లేకుండానే, "అమ్మా, మా ఊర్ల మీ ప్రార్థనలు పెట్టకుండ్రి. మా దేవుండ్లు మాకున్నరు" అన్నారు. నేను ఏదో అనబోతే కరుణమ్మ గారు నా చెయ్యి నొక్కింది. "సరే అన్నా. ఎండల వచ్చినం. జరన్ని నీళ్ళిస్తె తాగి పోతం" అన్నది. ఆయన లోపలి నుంచి చెంబు తెప్పించారు. నీళ్ళు తాగి, దండం పెట్టి, వెనుదిరిగాము.

మళ్ళీ ఎప్పుడు వద్దామని నేను దారిలో అడిగాను. "వద్దు బిడ్డా" అన్నది. "తలుపు ప్రభువు మూసిండో యాదయ్యన్న మూసిండో నాకెర్క లేదు. మూసిన తలుపును తన్నుడు మాత్రం మన పని కాదు. వాళ్ళ కోసం ప్రార్థన చేద్దాం. ఊకుందాం." ఆ తరువాత ఆమె ఆ ఊరిలోకి వెళ్ళలేదు. కొన్నేళ్ళు గడిచాయి. పొద్దుటి ప్రార్థన ముగించి లేచేటప్పుడు మాత్రం ఆ ఊరి పేరు ఆమె నోట వినిపిస్తూనే ఉండేది.

ఇక నేను చెప్పబోయేది ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా విలువైన ఘట్టం. నకిరేకల్‌లో ఒకరోజు స్త్రీల ప్రార్థన కూడిక. అందులో ప్రసంగించవలసింది ఆమే. ఇద్దరం హైవే మీద బస్సు కోసం నిలబడ్డాము. షెల్టర్ బల్ల చివర ఒక యువతి కొంగు తల చుట్టూ కప్పుకుని కూర్చుని ఉంది. బస్సు వచ్చింది. నేను మెట్టు మీద కాలు పెట్టాను. కరుణమ్మ గారు కదలలేదు.

"నువ్వు పో బిడ్డా. నేను రాను."

"అమ్మా, మాట్లాడేది మీరు కదా?"

"ఆడ నువ్వు మాట్లాడు. నాకు గీడ పనున్నది."

కండక్టర్ విసుక్కుంటున్నాడు. అడగడానికి వ్యవధి లేదు. నేను వెళ్ళి, ఏదో నాలుగు మాటలు చెప్పి కూడిక ముగించాను. ఆ షెల్టర్ కింద జరిగినదంతా తరువాత కరుణమ్మ గారి నోటా, ఆ యువతి నోటా విన్నదే.

ఆ యువతి పేరు పద్మ. కరుణమ్మ గారు వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నది. చాలాసేపు ఇద్దరూ రోడ్డును చూస్తూ ఉండిపోయారు. తరువాత కరుణమ్మ గారు "తిన్నవా?" అని అడిగింది. పద్మ తల అడ్డంగా ఊపింది. కరుణమ్మ గారు తన డబ్బాలోని జొన్నరొట్టె తీసి ఆమె చేతిలో పెట్టింది. పద్మ తినలేదు, పట్టుకుని కూర్చున్నది. అప్పుడు కరుణమ్మ గారు మెల్లగా అడిగింది:

"బిడ్డకు పేరేం పెట్టుకున్నరమ్మా?"

పద్మ బిత్తరపోయి చూసింది. ఆమె రవిక ముందు భాగమంతా పాలతో తడిసి ఉంది. ఒడిలో బిడ్డ లేడు. కరుణమ్మ గారు బస్సు వైపు తిరిగినప్పుడు చూసింది అదే.

"పెట్టలే అవ్వా" అన్నది పద్మ. "పురుడు ఎల్లినంక పెడ్దామనుకున్నం. అంతల్నే పోయిండు."

"నువ్వు మనసుల ఏమని పిల్సుకున్నవు?"

"బంగారి అని."

ఆ మాట అంటూనే పద్మ ఏడ్చింది. బిడ్డ పోయినప్పటి నుంచి అదే మొదటిసారి. ఇంట్లో ఎవరూ ఆ పసివాడి మాట ఎత్తడం లేదు. ఎత్తితే మళ్ళీ అరిష్టమని అత్త వారించింది. జనం పలచబడ్డాక మూసీ ప్రాజెక్టు కట్ట వైపు నడిచిపోదామని, తిరిగి రాకూడదని నిశ్చయించుకుని ఆమె ఇల్లు వదిలి వచ్చింది. ఆమె ఎదురుచూస్తున్నది ఏ బస్సు కోసమూ కాదు.

"నా మొదటోడు సుత గిట్లనే పోయిండు బిడ్డా. నేను గూడ గిట్లనే కూసున్న" అన్నది కరుణమ్మ గారు. ఇద్దరూ కలిసి ఏడ్చారు. కాసేపటికి పద్మ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని అడిగింది:

"నువ్వెవ్వలవు అవ్వా? బస్సెందుకు ఎక్కలే?"

"నిన్ను చూసినంక ఎక్కబుద్ధి కాలే. నేను మొక్కే దేవుడు నన్ను గీడ కూసోమన్నడనిపిచ్చింది."

"ఏ దేవుడు?"

"యేసయ్య. ఆయన గూడ తన దోస్తు సమాధి కాడ నిలబడి ఏడ్సినోడే."

ఆ రోజు కరుణమ్మ గారు చేసిన ప్రసంగం అంతే.

ఇల్లెక్కడని అడిగితే పద్మ తాను యాదయ్య కోడలినని చెప్పింది. "ఆ పేరు ఇన్నంక నా పొద్దుగాలటి ప్రార్థన యాదికొచ్చింది" అని కరుణమ్మ గారు తరువాత నాతో అన్నది. ఆటో మాట్లాడుకుని, ఏళ్ళ తరబడి తాను అడుగుపెట్టని ఆ ఊరికి బయలుదేరింది. అప్పటికే ఇంటివాళ్ళు బావుల దగ్గరా చేనుల్లోనూ వెతుకుతున్నారు. వాకిట్లో యాదయ్య ఎదురొచ్చారు. కోడలి చెయ్యి పట్టుకున్న కరుణమ్మ గారిని చూసి ఆయన ముఖం మారిపోయింది.

"ఏందమ్మా, మా పిల్లకు మీ మతం ఎక్కిచ్చినవా?"

"అన్నా, నువ్వు రావద్దన్నవు, నేను రాలే. ఇయ్యాల నీ కోడలిని ఇంటికి చేర్చనీకె వచ్చిన. పాలు కారుకుంట రోడ్డు మీద కూసున్నది. ఆ పిలగాని ముచ్చట ఇంట్ల ఎవ్వలన్న ఎత్తిండ్రా?"

పద్మ భర్త రమేశ్ దర్వాజకు ఆనుకుని తువ్వాలలో ముఖం దాచుకున్నాడు. యాదయ్య చివరికి, "ఎత్తకుంటె మర్సిపోతదనుకున్నమమ్మా" అన్నారు.

"మర్వదన్నా. నేను ముసలిదాన్నయిన, మర్వలే. ఒక్కతే ఏడ్వలేక బయటవడ్డది. మీరు గూడ ఆమెతోని కూసుని ఏడ్వుండ్రి. ఒళ్ళు కాల్తున్నది, దవాఖానకు తోల్కపోండ్రి."

అంతే చెప్పి ఆమె వెనుదిరిగింది. వాకిలి దాటుతుంటే యాదయ్య వెనక నుంచి పిలిచారు. "మీ ప్రార్థనేందో చేసి పోమ్మా" అన్నారు. ఆమె అక్కడే నిలబడి, ఆ బిడ్డను కొన్నాళ్ళైనా ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పి, తల్లి ప్రాణం నిలబెట్టమని వేడుకుని, ఆమెన్ అని వెళ్ళిపోయింది.

తరువాత నేను ఆమెను సూటిగా అడిగాను, ప్రభువు మీ చెవిలో చెప్పాడా అని. "చెవిల ఏం చెప్పలే బిడ్డా. కండ్లకు చూపెట్టిండు. తడిసిన రైక చూసిన. మనసుల బస్సెక్కకు అనిపిచ్చింది. పద్మ అడిగినంక నోరు తెరిసిన. గంతే" అన్నది. దైవ నడిపింపును గురించి నేను శిక్షణాలయంలో ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. నాకు అర్థమైంది మాత్రం ఆ రోజే.

పద్మ కోలుకుని, తనంతట తానే కరుణమ్మ గారిని వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టింది. క్రీస్తును గురించి అడిగి తెలుసుకుని విశ్వసించింది. బాప్తిస్మం కావాలని కోరింది. "మీ ఆయనకు చెప్పినవా?" అని అడిగింది కరుణమ్మ గారు. చెపితే ఒప్పుకోడన్నది పద్మ. "గట్లయితె ఆగు. దాసుకుని ఇచ్చే బాప్తిస్మం నాకు తెల్వది. ముందుగాల ఇంట్ల చెప్పు, నేను ప్రార్థన చేస్త." సంఘ పెద్దల్లో కొందరు ఇందుకు నొచ్చుకున్నారు. ఒక ఆత్మను అడ్డగిస్తున్నావని ఒకరు ముఖం మీదే అన్నారు. ఆ రాత్రి ఆమె అన్నం సరిగా తినలేదు. ఆ నింద ఆమెను ఎంతగా బాధించిందో అప్పుడు తెలిసింది.

సంవత్సరాలు గడిచాయి. పద్మకు ఆడపిల్ల పుట్టింది. ఒకనాడు రమేశే మా ప్రార్థన మందిరం ముందు బండి ఆపి, "ఆమె ఇష్టమే నా ఇష్టం అమ్మా. ఎనుకట ఇంట్ల ఎవ్వలం మనసిప్పి మాట్లాడకపోతుంటిమి. ఇప్పుడు మాట్లాడుకుంటున్నం" అన్నాడు. పద్మ బాప్తిస్మానికి చెరువు నీళ్ళలోకి దిగిన రోజున యాదయ్య మనవరాలిని ఎత్తుకుని గట్టు మీద నిలబడ్డారు. ఆయన ఇప్పటికీ నరసన్నకే మొక్కుతారు. ఆయన సంగతేమిటని ఎవరో అడిగితే, "గది ఆయనకూ దేవునికీ నడిమిట్ల ముచ్చట" అని కరుణమ్మ గారు ఊరుకున్నది. ఆ ఇంటికి పోయినప్పుడల్లా ఆయనతో వానల గురించీ పత్తి గురించీ హాయిగా మాట్లాడి వచ్చేది.

సమాధి కార్యక్రమానికి యాదయ్య వచ్చారు. పెట్టె మోసేవాళ్ళలో తానూ ఒక భుజం పట్టారు. పాస్టరు గారి అనుమతి అడిగి, తలపాగా తీసి చేతపట్టుకుని, "మా ఇంట్ల ఒక పానం నిలబెట్టింది. గా మాట పదిమందిల చెప్పిపోదామని వచ్చిన" అన్నారు. పద్మ పాట ఎత్తుకున్నది, మేమంతా అందుకున్నాము.

షాద్‌నగర్ తిరిగివచ్చాక, మా వీధిలో కిరాయికి ఉండే ఒక స్త్రీ నా గుమ్మంలో నిలబడింది. ఎన్నడూ ప్రార్థనకు రాని మనిషి. కూర్చోమంటే కూర్చున్నది. ఏమీ చెప్పలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. చాయ్ పెట్టి ఇచ్చాను. చాలాసేపు కూర్చుని, "మల్ల వస్త అక్కా" అని లేచి వెళ్ళింది. ఆమె వెళ్ళగానే, ఇప్పుడు నేనేం చెయ్యాలని అడగడానికి అలవాటుగా ఫోన్ అందుకున్నాను. కరుణమ్మ గారి పేరు నొక్కబోయి ఆగాను.

అటువంటి మనిషి మా సంఘానికి మళ్ళీ దొరుకుతుందని నేను అనుకోను. ప్రసంగించేవాళ్ళు వస్తారు, పాడేవాళ్ళు వస్తారు. దారిపక్కన ఒకరి కోసం బస్సు వదులుకునే ఓర్పు అందరికీ అబ్బదు. అయినా నా దుఃఖం కన్నా నా కృతజ్ఞతే పెద్దది. ఆమెతో నడిచిన ఆ ఏళ్ళను ఇచ్చిన దేవునికి, తన వెంట నన్ను నడవనిచ్చిన ఆ తల్లికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఎవరి పక్కన ఆగాలో, ఎవరిని నెమ్మదిగా దాటిపోవాలో ఇక నేనే ప్రభువును అడిగి తెలుసుకోవాలి. ఈ తెల్లవారుజామున చాప పరుచుకుని, మాటలేవీ సిద్ధం చేసుకోకుండా, ఆయన సన్నిధిలో కూర్చున్నాను.