ముందు వరుస కోసం రెండో మాత్ర

ఈ రోజు ఫిల్మ్‌నగర్‌లో థైరాయిడ్ ఉన్నవాళ్ల ఎముకల మీద మా పరిశోధన శిబిరం జరిగింది. అందులో ఫారాలు నింపే మహత్తర బాధ్యత నాది. యూసుఫ్‌గూడ నుంచి ఒక గ్రూప్ డాన్సర్ అక్క వచ్చింది.

"వయసు ముప్పై రాయి తమ్మీ."

"ఇది ఆడిషన్ కాదక్కా. ఎముకలకు మేకప్ వేయలేం" అన్నాను, పెద్ద జోకు పేల్చిన గర్వంతో.

నవ్వేసి నలభై నాలుగని ఒప్పుకుంది. థైరాయిడ్ మాత్ర రోజుకు ఎన్నని అడిగాను.

"డాక్టర్ ఒకటే రాసిండు. నేనే రెండేసుకుంటున్న. సన్నగుంటేనే ముందు వరుసల నిలబెడ్తరు గదా!"

ఏళ్ల తరబడి అదే పని చేసిందట. స్కాన్ చూసిన మా డాక్టరమ్మ, మాత్రల మోతాదు మించడం వల్ల ఎముకలు బాగా పలచబడ్డాయని, ఇక ఎగిరే స్టెప్పులు వేయొద్దని చెప్పింది. అక్క రిపోర్టు మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్లబోతూ నా బల్ల దగ్గర ఆగి, మెల్లగా అడిగింది.

"తమ్మీ, వెనక వరుసల అయితే ఎగరొచ్చా?"

నా ఫారంలో నాలుగు పేజీల ప్రశ్నలున్నాయి. అన్నీ మేం అడిగేవే. ఆమె అడిగినదానికి గడి లేదు. మీరైతే ఏం చెప్పేవారు?